క్షమించాం సరే, కుర్చీ కూడా తిరిగి ఇచ్చేయాలా?

మూడో బెంచీ
మార్చి 3, రాత్రి 10:42

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా ఊళ్లో ఎవరితోనూ మాట్లాడలేని విషయం కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. ఊరి పేరు, సంఘం పేరు దయచేసి అడగొద్దు.

మాది మండల కేంద్రం. స్వతంత్ర సంఘం, నూట నలభై కుటుంబాలు. పాస్టర్ గారు 22 ఏళ్ల కిందట సైకిల్ మీద వచ్చి తాటాకు పందిట్లో మొదలుపెట్టిన పని. మా నాన్న పోయిన రాత్రి తెల్లవార్లూ మాతో కూర్చున్నది ఆయనే. ఆ మనిషి గురించి ఇలా రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మందిరం స్లాబు కోసం నాలుగేళ్లుగా నిధి పోగు చేస్తున్నాం. కోత పండుగ వేలంలో గుమ్మడికాయ మూడు వేలు, నాటుకోడి అయిదు వేలు పాడి మరీ ఇచ్చారు, కూలికి పోయేవాళ్లతో సహా. జనవరిలో ఇనుము కొట్టు ఆయన ఫోన్ చేసి, మీరిచ్చిన చెక్కు వెనక్కి వచ్చిందండీ అన్నాడు. బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించాం. ఉండాల్సిన దాంట్లో 6,40,000 లేదు. పద్నాలుగు నెలల్లో ఎనిమిది చెక్కులు.

అడిగితే పాస్టర్ గారు బుకాయించలేదు. కూతురి కాలేజీ ఫీజు, పాత అప్పు, వడ్డీ. మళ్లీ పెట్టేద్దాం అనుకున్నారట. ఆదివారం ఆరాధనలో అందరి ముందు చెప్పి ఏడ్చారు. పాస్టరమ్మగారి బంగారం అమ్మి 4,10,000 కట్టారు. ఇంకా 2,30,000 ఉంది. ఆయన్ని ప్రసంగాలకు దూరంగా ఉండమన్నాం.

ఇప్పుడు పెద్దల్లో ఎక్కువమంది ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నుంచి ఆయన్ని మళ్లీ పుల్‌పిట్ ఎక్కించాలంటున్నారు. "దావీదు చేసినదానికంటే పెద్ద తప్పా ఇది?" అని ఒకాయన అడిగాడు. నేను క్షమించాను, నిజంగానే. కానీ క్షమించడం, పదవి తిరిగి ఇవ్వడం రెండూ ఒకటేనా? నా మనసే గట్టిపడిందా? నిద్ర పట్టడం లేదు.

---

కృపామృతం
మార్చి 3, రాత్రి 11:15

వందనాలు బ్రదర్. ప్రభువును ఎరుగనని పేతురు ఎన్నిసార్లు బొంకాడు? మూడుసార్లు. ప్రభువు ఏమన్నాడు? నా గొఱ్ఱెలను మేపుము అన్నాడు. కొన్నాళ్లు ఆగు, కమిటీ వేస్తాం అనలేదు. ఆయన ఒప్పుకున్నాడు, బంగారం అమ్మి కట్టాడు, ఇంకేం కావాలి? "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని కీర్తన 105లో ఉంది. జాగ్రత్త.

---

తోమా
మార్చి 3, రాత్రి 11:31

వచ్చేసిందండీ అభిషిక్తుడి వాక్యం. లెక్క అడిగిన ప్రతిసారీ ఇదే తీస్తారు.

---

రిటైర్డ్ మాస్టారు
మార్చి 4, ఉదయం 5:50

మూడో బెంచీ గారూ, మనసు గట్టిపడినవాడికి నిద్ర బాగానే పడుతుంది. ఆ దిగులు పెట్టుకోకండి.

కృపామృతం గారూ, ఆ కీర్తనలో మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. ఊళ్లు పట్టుకు తిరిగే పరదేశులు వాళ్లు, వాళ్లకు రాజులు హాని చేయకుండా దేవుడు అడ్డుపడ్డాడు అని చెప్పే చోటు అది. అధికారంలో ఉన్నవాణ్ని ప్రశ్నించొద్దని చెప్పే చోటు కాదు. దావీదు తనను వేటాడిన సౌలు రాజును అభిషిక్తుడని ముట్టలేదు, నిజమే. అంటే చంపలేదు. కానీ ఏన్గెదీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు అంగీ నుంచి కోసిన చెంగు చేత్తో పట్టుకుని, రాజా ఇదిగో సాక్ష్యం, నా మీద ఎందుకు పడ్డావని కేక వేసి అడిగాడు. చెయ్యి ఎత్తలేదు గానీ నోరు మూసుకోనూ లేదు.

మీ పెద్దలు దావీదు పేరు ఎత్తారు కాబట్టి అది కూడా పూర్తిగా చదవాలి. దావీదు ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించాక, ప్రవక్త నాతాను వచ్చి, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదుకు కోపం వచ్చింది, అలాంటివాడు చావాలన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. దావీదు ఒప్పుకున్నాడు. నీ పాపం తీసేశాడు, నువ్వు చావవు అని నాతాను అక్కడే చెప్పాడు. కానీ కత్తి నీ ఇల్లు విడిచిపోదు అని అంతకు ముందే చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేదు. తర్వాత కొడుకులు అమ్నోను, అబ్షాలోముల చావులు. క్షమాపణ ఒక్క వాక్యంలో వచ్చింది, ఫలితాలు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి.

---

తోమా
మార్చి 4, ఉదయం 9:20

మాస్టారూ, మీరంటే గౌరవమే గానీ ఒకటి దాటేశారు. దావీదు కుర్చీ దిగలేదు కదా! ఊరియాను చంపించిన తర్వాత కూడా ఆయనే రాజు. అదే మోషే కోపంలో బండను రెండుసార్లు కొట్టాడని వాగ్దాన దేశం కనాను గడప తొక్కనివ్వలేదు. ఏ లెక్కన?

---

రిటైర్డ్ మాస్టారు
మార్చి 4, ఉదయం 10:05

దాటేశాను, నిజమే. ఒకే కొలత అయితే బైబిల్లో దొరకదు. కానీ రాజు పదవి వేరు, సంఘ కాపరి పదవి వేరు. కాపరి ఎలా ఉండాలో తిమోతి పత్రికలో పౌలు విడిగా రాశాడు: నిందారహితుడు, ధనాపేక్ష లేనివాడు, ఇంటివారిని బాగా ఏలుకునేవాడు, బయటివాళ్ల దగ్గర మంచి పేరున్నవాడు. చివరిది గమనించండి. సంఘంలోనివాళ్లు సర్దుకుపోతే చాలదు, ఊళ్లో ఇనుము కొట్టు ఆయన ఏమనుకుంటున్నాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

పేతురు సంగతి: ప్రభువు ఆయనకు మంద అప్పగించాడు. డబ్బు సంచి కాదు.

---

తోమా
మార్చి 4, ఉదయం 10:11

😄 డబ్బు సంచి శిష్యుడు యూదా ఇస్కరియోతు దగ్గర ఉంది. దొంగిలిస్తున్నాడని యోహాను 12లో రాసే ఉంది. తెలిసీ ఆ సంచి ఆయన దగ్గరే ఎందుకు ఉంచారు మాస్టారూ?

---

రిటైర్డ్ మాస్టారు
మార్చి 4, ఉదయం 10:40

ముప్ఫై ఏళ్లు సండే స్కూల్ చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక పిల్లాడు ఇదే అడిగేవాడు. నాకిప్పటికీ జవాబు దొరకలేదు.

---

పాస్టరమ్మ కూతురు
మార్చి 4, మధ్యాహ్నం 2:18

ఇంతమంది ఇన్ని వాక్యాలు రాశారు, ఒక్కరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. మూడో బెంచీ అన్నా, మీ పాస్టర్ గారికి నెలకు ఎంత ఇస్తున్నారు?

నేను పాస్టర్ గారి కూతుర్ని. చిన్నప్పుడు మా ఇంట్లో వంటింటి గూట్లో పాత పాలపొడి డబ్బా ఉండేది, అమ్మ ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం తీసి అందులో వేసేది. సంఘంలో ఆడవాళ్లందరూ అలాగే వేసి ఆదివారం తెచ్చేవాళ్లు. అన్ని ఇళ్ల బియ్యమూ ఒక గోనెసంచిలో పడేవి: సన్నవి, దొడ్డువి, కోటా బియ్యం, నూకలు. ఆ సంచి చివరికి మా ఇంటికే వచ్చేది, జీతంలో భాగంగా. వండితే సగం మెత్తబడేది, సగం పలుకుగా ఉండేది. ఇప్పటికీ అన్నం సమంగా ఉడికితే నాకేదో తేడాగా అనిపిస్తుంది.

అమ్మ గుప్పెడు వేసి, అదే బియ్యం తిరిగి జీతంగా తీసుకోవడం ఏంటని ఒకసారి అడిగాను. నోర్మూసుకో అంది.

మేం ఫ్రిజ్ కొంటే, అయ్యగారికి ఫ్రిజ్ ఎక్కడిది అని మూడు నెలలు మాట్లాడుకున్నారు. మా అక్క పెళ్లికి నాన్న వడ్డీకి తెచ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. నాన్న సంఘం డబ్బు ముట్టలేదు. ముట్టలేదని గర్వంగా చెప్తాను. కానీ ముట్టాలనిపించిన రోజు లేదని మాత్రం ప్రమాణం చేయలేను.

మీ పాస్టర్ గారు చేసింది తప్పే. వెనకేసుకు రావడం లేదు. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అన్న వాక్యం ఏ పెద్దల మీటింగులోనైనా చదివారా?

---

మూడో బెంచీ
మార్చి 4, రాత్రి 9:55

అమ్మా, పదకొండు వేలు. ఇల్లు సంఘానిదే. ఆరేళ్లుగా పెంచలేదు. రెండేళ్ల కిందట ఒకసారి అడిగారు, స్లాబు అయ్యాక చూద్దాం అన్నాం.

ఈ వాక్యం టైప్ చేస్తుంటే చెయ్యి ఆగింది. స్లాబు అయ్యాక చూద్దాం అన్నాం, ఆయన ఆ స్లాబు డబ్బే తీశారు.

---

తోమా
మార్చి 4, రాత్రి 10:02

జీతం తక్కువైతే దొంగతనం చేయొచ్చా? అలా అయితే మా స్కూల్లో స్వీపరమ్మ ఎప్పుడో స్కూలు అమ్మేయాలి.

---

పాస్టరమ్మ కూతురు
మార్చి 4, రాత్రి 10:09

చేయొచ్చని ఎక్కడ అన్నాను తమ్ముడూ? పైన "తప్పే" అని రాశాను, చదువు.

---

నైట్ షిఫ్ట్ నర్సు
మార్చి 5, ఉదయం 4:36

ఇంగ్లండు నుంచి. డ్యూటీ బ్రేక్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ఇక్కడ 2024 నవంబరులో కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేశారు. ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘాల లోకంలో అంతకంటే పెద్ద బిషప్పు కుర్చీ లేదు. ఆయన డబ్బు తినలేదు, ఎవర్నీ కొట్టలేదు. జాన్ స్మిత్ అని ఒక లాయరు, క్రైస్తవ యువకుల క్యాంపులు నడిపినవాడు, 1970, 80లలో ఎంతోమంది మగపిల్లల్ని దేవుడి పేరు చెప్పి రక్తం వచ్చేలా కొట్టాడు. తర్వాత ఆఫ్రికా వెళ్లి అక్కడా అదే చేశాడు. ఏ కోర్టులోనూ శిక్ష పడకుండానే 2018లో చనిపోయాడు. 2013లోనే వెల్బీ గారికి విషయం చెప్పారు. పోలీసులకు తెలుసు అని తనకు చెప్పారనీ, అదే నమ్మాననీ ఆయన అన్నారు. విచారణ రిపోర్టు ఇంకా గట్టిగా పట్టించుకుని ఉండాల్సింది అంది. రిపోర్టు వచ్చిన వారంలోపే దిగిపోయారు.

ముందు దిగను అన్నారు, అది కూడా చెప్పాలి. గొడవ పెరిగాకే దిగారు. అయినా మా వార్డులో ఒక పెద్దావిడ, చర్చికి వెళ్లే మనిషి, టీవీ చూస్తూ "చేసింది వేరేవాడు, దిగింది ఈయన. కుర్చీ అంటే అదే మరి" అంది. నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. మన దగ్గర నాయకుడి బాధ్యత అంటే ఆయన సొంత పాపాలే లెక్క. ఆయనకు తెలిసీ ఊరుకున్నవి, అడగకుండా వదిలేసినవి ఎవరూ లెక్కలో వేయరు.

---

తోమా
మార్చి 5, ఉదయం 8:15

అక్కడ దిగుతారు. మన దగ్గరైతే [మోడరేటర్ తొలగించిన భాగం] కేసు నడుస్తుండగానే ఊరేగింపు, గజమాల.

---

మోడరేటర్
మార్చి 5, ఉదయం 8:40

పేర్లు వద్దు, ఏ సంఘాన్నీ వేలెత్తి చూపొద్దు. ఇంకోసారి అలా రాస్తే పోస్టు మొత్తం తీసేస్తాం. తోమా గారూ, ఇది రెండోసారి.

---

గుండ్లకమ్మ గట్టు
మార్చి 5, మధ్యాహ్నం 12:30

మాది ఒంగోలు వైపు. నాయకుడి బాధ్యత అంటే మా తాత చెప్పే కథ ఒకటుంది. తర్వాత నేనూ పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు, అంతకు పదేళ్ల ముందే వచ్చి స్థిరపడ్డాడు. సర్వే పని తెలిసిన మనిషి. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి పని, కూలీ ఇప్పించాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. ఎక్కువమంది మాదిగలు, అంతకుముందు వాళ్లను ఇంత మర్యాదగా పనిలోకి పిలిచిన కాంట్రాక్టరు లేడు.

సాయంత్రాలు కాలువ గట్టు మీద వాక్యం చెప్పేవాళ్లు. వందలమంది, మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఇప్పటి మీటింగుల లెక్కన అయితే ఏం చేస్తారు? ఫొటోలు తీసి రిపోర్టు పంపేస్తారు. క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు, సహాయం నడిచినన్నాళ్లూ, ఏడాది పైనే, ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది వాళ్లకే తెలియని పరిస్థితిలో బాప్తిస్మం ఇస్తే వాళ్ల ఆకలిని వాడుకున్నట్టే. సహాయం పంచడం ఆగిపోయిన తర్వాత, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదు, ఇప్పుడు కూడా కావాలా అని అడిగితే, అప్పుడూ వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు.

అందరూ ఆ 2,222 అంకె చెప్తారు. మా తాత మాత్రం "ఆ అంకె కాదురా, దానికి ముందు ఏడాది సున్నా ఉంది చూడు, అది గొప్ప" అనేవాడు. తన చేతిలో అధికారం ఉంది, జనం అడుగుతున్నారు, పై నుంచి ఒత్తిడి ఉండే ఉంటుంది. అయినా ఆగాడు.

కరువు పనుల్లో వేల రూపాయల కూలీ ఆయన చేతుల మీదుగా పోయింది. నేను చదివినంతలో ఆయన మీద లెక్కల మాట రాలేదు.

---

అడ్వకేట్ నెల్లూరు
మార్చి 5, సాయంత్రం 6:48

మంచి చర్చ. నేను పొడిగా మాట్లాడతాను, వృత్తి దోషం.

తిరిగి కట్టేసినంత మాత్రాన నేరం లేనట్టు కాదు. అప్పగించిన సొమ్ము సొంతానికి వాడుకుంటే అది నమ్మకద్రోహం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316 సెక్షన్. కేసు పెట్టమని అనడం లేదు, విశ్వాసులు విశ్వాసుల మీద కోర్టుకెక్కడం గురించి కొరింథీ పత్రికలో ఏముందో నాకూ తెలుసు. కానీ డబ్బు ఇచ్చిన కూలివాళ్లలో ఎవరైనా వెళ్లి ఫిర్యాదు ఇస్తే మీ పెద్దలు ఆపలేరు, అది తెలిసి ఉండాలి.

ఇక నా ప్రశ్న. మూడో బెంచీ గారూ, సంఘం ఖాతాలు మామూలుగా ఇద్దరి సంతకంతో నడుస్తాయి. ఎనిమిది చెక్కులు పాసయ్యాయన్నారు. రెండో సంతకం ఎవరిది?

---

కృపామృతం
మార్చి 6, ఉదయం 7:02

అందరికీ శుభోదయం. పౌలు గారు "నేనైతే పాపులలో ప్రధానుడను" అన్నారు. ఈ మాట మరిచిపోకుండా మాట్లాడుకుందాం.

---

గోరింటాకు
మార్చి 6, ఉదయం 11:25

నాది వేరే ఊరు, కానీ మాకూ ఇలాంటిదే జరిగింది. ఆ పాస్టర్ గారే మా బాబుకు బాప్తిస్మం ఇచ్చారు, సరిగ్గా ఆ తప్పుడు పనులు నడుస్తున్న నెలలోనే. మా అత్తగారు అది చెల్లదు, మళ్లీ ఇప్పించాలంటున్నారు. ఎవరైనా చెప్తారా?

---

రిటైర్డ్ మాస్టారు
మార్చి 6, మధ్యాహ్నం 1:10

చెల్లుతుందమ్మా. మీ అత్తగారి సందేహం పదిహేడు వందల ఏళ్ల నాటిది. రోమా చక్రవర్తి డయోక్లీషియన్ 303లో హింస మొదలుపెట్టినప్పుడు కొందరు బిషప్పులు భయపడి లేఖనాలు అధికారులకు అప్పగించారు. హింస ఆగాక ఉత్తర ఆఫ్రికాలో ఒక వర్గం, అలాంటివాళ్లు అభిషేకించిన బిషప్పు చెల్లడు, వాళ్లిచ్చిన బాప్తిస్మమూ చెల్లదు అంది. వాళ్ల నాయకుడు దొనాతు పేరుతో ఆ వర్గానికి దొనాతిస్టులని పేరు. తర్వాత అక్కడి బిషప్పు అగస్తీను వాళ్లతో ఏళ్ల తరబడి వాదించాడు. ఆయన చెప్పింది టూకీగా: బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చే చెయ్యి ఎలాంటిదైనా.

అయితే ఇక్కడే మన పెద్దలు ఒక దొడ్డిదారి తీస్తారు. సంస్కారం చెల్లింది కాబట్టి మనిషి కూడా చెల్లుతాడు అంటారు. అగస్తీను ఆ మాట అనలేదు.

---

మూడో బెంచీ
మార్చి 7, రాత్రి 12:20

అడ్వకేట్ గారి ప్రశ్న చూసి రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండో సంతకం నాదే. నేను కోశాధికారిని.

డ్యూటీ మీద వేరే ఊళ్లు తిరుగుతుంటాను. ప్రతి బిల్లుకూ సంతకానికి రావడం కష్టమని 2023 చివర్లో ఒక చెక్కుబుక్కు మొత్తం సంతకాలు పెట్టి పాస్టర్ గారి చేతికి ఇచ్చాను. ఇరవై అయిదు కాగితాలు. వాళ్ల ముందుగదిలో మంచం మీద కూర్చుని, అమ్మగారు టీ ఇస్తే తాగుతూ పెట్టాను. నా పెన్ను మధ్యలో ఆగిపోతే పాస్టర్ గారు ఆయన పెన్ను ఇచ్చారు. చాలా నమ్మకంగా అనిపించింది ఆ రోజు. మా ఇద్దరి మధ్య లెక్కలేంటి అనుకున్నాను.

నెలనెలా పాస్‌బుక్కు చూడాల్సింది నేనే. ఏడాదికి పైగా చూడలేదు. వార్షిక నివేదికలో బ్యాంకు నిల్వ అంకె ఆయన చెప్పింది రాసి చదివాను. అందరూ ఆమెన్ అన్నారు.

మొదటి పోస్టులో "వేయించాం", "ఉండమన్నాం" అని రాశాను చూడండి. ఆ "మేము"లో దాక్కున్నాను. సంఘంలో ఎవరూ నన్ను అడగలేదు. అందరి కోపమూ ఆయన మీదకు పోయింది, నేను పక్కన నిలబడి తల ఊపాను. మాస్టారు గొఱ్ఱెపిల్ల కథ రాసినప్పుడే అర్థమైంది. రాయడానికి మూడు రోజులు పట్టింది.

---

పాస్టరమ్మ కూతురు
మార్చి 7, ఉదయం 6:30

అన్నా, ఇది చదివి చాలాసేపు కూర్చున్నాను. ఇక్కడ చెప్పారు సరే. సంఘంలో చెప్పారా?

---

అడ్వకేట్ నెల్లూరు
మార్చి 7, ఉదయం 9:12

ఊహించాను. ధైర్యంగా రాశారు. అయితే ఒక మాట: మీరు చెప్పకుండా ఆయన ఒక్కరి మీదే నిర్ణయం తీసుకుంటే, ఆ నిర్ణయం ఏదైనా సరే, ఆయన్ని ఉంచినా తీసేసినా, సగం నిజం మీద తీసుకున్నట్టే. మిగిలిన చెక్కు కాగితాలు ఎక్కడున్నాయి? ముందు అవి తెచ్చి బ్యాంకులో రద్దు చేయించండి.

---

రిటైర్డ్ మాస్టారు
మార్చి 7, ఉదయం 9:45

బాబూ, యాజకుడు ఏలీ గుర్తొచ్చాడు. దావీదు కంటే మీకు దగ్గరివాడు ఆయనే. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు బలి మాంసం ఉడుకుతుండగానే పనివాడి చేత మూడు ముళ్ల కొంకి బానలో గుచ్చించి వచ్చినంత లాక్కునేవాళ్లు. ఏలీకి తెలుసు. మందలించాడు కూడా, "నా కుమారులారా, ఇది మంచిది కాదు" అన్నాడు. అంతే, కొంకి మాత్రం తీసేసుకోలేదు. దేవుడు ఏలీ మీద పెట్టిన తప్పు మాంసం తిన్నాడని మాత్రమే కాదు, తెలిసీ వాళ్లను అడ్డగించలేదని.

మీకు తెలియదు, నిజమే. తెలియకుండా ఉండేలా మీరే ఏర్పాటు చేసుకున్నారు. కటువుగా అన్నందుకు ఏమనుకోకండి. మీ వయసులో నేనూ ఒక కమిటీలో సంతకాలు పెట్టినవాణ్నే.

---

డాలస్ తెలుగు
మార్చి 7, రాత్రి 8:58

ఆలస్యంగా వచ్చాను. పనికొచ్చే మాట ఒకటి. రెండో కొరింథీ 8 చదవండి. యెరూషలేము పేదల కోసం పోగైన చందా పట్టుకెళ్లడానికి పౌలు ఒక్కడే బయల్దేరలేదు. తీతు వెంట సంఘాలు ఎన్నుకున్న మనిషినీ, ఇంకొకరినీ పంపాడు. ఎందుకంటే ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని అంటాడు. పౌలంతటివాడికే తోడు మనుషులు కావాల్సి వచ్చింది.

మా సంఘంలో చేసేది: కానుక సంచి బల్ల మీదే విప్పుతాం, ముగ్గురు లెక్కపెడతారు, ఆ ముగ్గురూ ఒకే కుటుంబం కాకూడదు, అంకె నోటీసు బోర్డు మీద ఆ రోజే పడుతుంది. పాస్టర్ గారు డబ్బు అసలు ముట్టుకోరు. మొదట్లో ఆయనకు అవమానంగా అనిపించిందట. ఇప్పుడు, నా నెత్తిన బరువు దిగింది అంటారు. ఇంకోటి, మీ పుల్‌పిట్‌కు అంటించిన ఫోన్‌పే స్కానర్ ఎవరి నంబరుకు వెళ్తుందో చూసుకోండి. సగం సంఘాల్లో అది పాస్టర్ గారి సొంత నంబరే.

---

తోమా
మార్చి 7, రాత్రి 9:05

ఇప్పుడే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో చూశా. సొంత నంబరే. 🤦

---

మూడో బెంచీ
మార్చి 17, రాత్రి 10:30

పది రోజులైంది, ఏమైందో చెప్పాలి కదా.

మొన్న శనివారం పెద్దల మీటింగులో ముందు నా సంగతి చెప్పాను. ఒకాయన "ఇప్పుడెందుకయ్యా ఇదంతా, అయిపోయిందిగా" అన్నాడు. ఇంకొకాయన లేచి వెళ్లిపోయాడు. నిన్న ఆరాధన తర్వాత సంఘం ముందు చెప్పాను. చెక్కుబుక్కు పట్టుకుని నిలబడ్డాను, మిగిలిన పదిహేడు కాగితాలూ చూపించాను. వాటిలో వరసగా నా సంతకమే. పిల్లలు ముందు చాప మీద కూర్చుని ఉన్నారు, మా చిన్నోడు కూడా. పాస్టర్ గారు చెప్పినప్పుడు అందరూ ఏడ్చారు. నేను చెప్పినప్పుడు ఎవరూ ఏడవలేదు, ఫ్యాన్ల చప్పుడు వినిపించింది.

పదవికి రాజీనామా ఇచ్చాను. మిగిలిన 2,30,000లో సగం నేను కడతానన్నాను, నెలనెలా. మా ఆవిడ ముందే ఒప్పుకుంది, సంతోషంగా అని మాత్రం చెప్పలేను.

తర్వాత పాస్టర్ గారు లేచారు. మట్టల ఆదివారం తనకు వద్దన్నారు. "నన్ను క్షమించారు, అది చాలు. నన్ను మళ్లీ అక్కడ నిలబెడితే ఇంకో ఏడాదికి మీరే నన్ను లెక్క అడగడానికి మొహమాటపడతారు" అన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు, ఆయనా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి పక్క ఊరి పాస్టర్ గారు నెలకు రెండు ఆదివారాలు వస్తారు. ఈయన జీతం ఆపొద్దని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఆపితే పిల్ల చదువు ఆగుతుంది, మళ్లీ మొదటికే వస్తుంది అన్నారు. దాని మీద పెద్ద గొడవే అయింది, ఇంకా తేలలేదు. కృపామృతం గారి మాట చెప్పినవాళ్లూ ఉన్నారు, తోమా గారి మాట చెప్పినవాళ్లూ ఉన్నారు.

బయటికొస్తుంటే వేలంలో మూడు వేలు పెట్టి గుమ్మడికాయ పాడిన ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. కూలి మనిషి. తిడుతుందేమో అనుకున్నాను. "నాయనా, ఆ గుమ్మడికాయ లోపల పుచ్చిపోయింది, కోశాక తెలిసింది. నేనూ ఎవరికీ చెప్పలేదులే" అని నవ్వి వెళ్లిపోయింది. ఏం అర్థం చేసుకోవాలో ఇప్పటికీ తెలియలేదు.

---

కృపామృతం
మార్చి 17, రాత్రి 11:04

బ్రదర్, మీ పాస్టర్ గారు చెప్పిన మాట చదివాక నేను ముందు రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇప్పటికీ పేతురు విషయంలో నా మాట నాదే. కానీ తనంతట తానే వద్దన్నవాడికి ఎవరైనా ఎప్పటికైనా మళ్లీ ఇస్తారు అనిపిస్తోంది.

---

అడ్వకేట్ నెల్లూరు
మార్చి 18, ఉదయం 8:20

పదిహేడు కాగితాలూ రద్దు చేయించారా? బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకున్నారా? పాత రసీదు పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

---

మూడో బెంచీ
మార్చి 18, ఉదయం 8:51

రద్దు అయ్యాయి, బ్యాంకు ఉత్తరం ఉంది. రసీదు పుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయండీ. కొత్త కోశాధికారిగా స్త్రీల సమాజం అక్కను పెట్టారు. ఈ సాయంత్రం తీసుకెళ్లి ఇస్తాను. ఒక్కో కాగితం లెక్కపెట్టి తీసుకుంటానని ముందే చెప్పింది.